ఐ7, 16 జీబీ, 4 జీబీ కార్డ్ అని నమ్మి ఆర్ట్ కోసం పీసీ కొనేవాళ్లు జాగ్రత్త

ఫ్రెండ్స్, డిజిటల్ ఆర్ట్ కోసం అసెంబుల్డ్ పీసీ, అందులోనూ రీఫర్బిష్డ్ ది కొందామనుకునేవాళ్లు ఉంటే డబ్బులు కట్టేముందు ఇది పూర్తిగా చదవండి. 38,500 పోసి మూడు వారాలు నరకం చూశా, ఇంకొకళ్లకి ఇలా జరగకూడదనే రాస్తున్నా. షాపు పేరు చెప్పట్లేదు, కంప్లైంట్ నడుస్తోంది.

నేనుండేది హనుమకొండ. చేర్యాల బొమ్మల పద్ధతిలో పెద్ద పెద్ద ప్యానెల్స్ వేసి క్యాన్వాస్ ప్రింట్‌కి ఇస్తుంటా, పని మొత్తం క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లోనే. పాత లాప్‌టాప్ 8 జీబీది, ఇక మోయలేకపోతోంది అని తెలిసిన షాపులో అడిగితే ఐ7, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌విఎంఈ (చాలా ఫాస్ట్ రకం) ఎస్ఎస్‌డీ, 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డ్ అని వాట్సాప్‌లో కొటేషన్ పంపారు. అద్దాల క్యాబినెట్, లోపల రంగురంగుల లైట్లు, ఆన్ చేస్తే విండోస్ 11 చకచకా వచ్చేసింది, ఇంకేం కావాలి అనుకున్నా. పైన పటారం లోన లొటారం అని ఇంటికి తెచ్చాక తెలిసింది.

అప్పుడు చేతిలో ఉన్నది ఒక గృహప్రవేశానికి సీతాకల్యాణం ప్యానెల్. 24 బై 36 అంగుళాలు, 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు. మొదట పది లేయర్ల (ఒకదాని మీద ఒకటి వేసే పొరలు) వరకు బానే ఉంది. ముప్ఫై దాటాక సీతమ్మ చీర కొంగు గీత లాగుతుంటే పెన్ను కొంగు చివరికి వెళ్లిపోయాక మూడు సెకన్లకి గీత బయల్దేరేది, అదీ వంపు తిరగాల్సిన చోట వంపు లేకుండా ముక్కలు ముక్కలుగా కోణాలు పడేది. చేర్యాలలో అందమంతా ఆ గీతలోనే ఉంటుంది కదా, ఆ గీతే పాడైతే ఇంక బొమ్మ ఎక్కడిది. జూమ్ చేస్తే క్యాన్వాస్ మీద నల్లటి మచ్చలు, సేవ్ కొడితే టీ తాగి రావచ్చు.

షాపుకి ఫోన్ చేస్తే "మీ ఫైలే పెద్దది మేడం, సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అన్నారు, నేనూ నమ్మా. పెన్ ట్యాబ్లెట్ డ్రైవర్ తీసి మళ్లీ వేశా, విండోస్ ఇంక్ ఆపా, లేయర్లు కలిపేశా, బ్రష్ సైజ్ తగ్గించా, చివరికి విండోస్ కూడా మళ్లీ ఎక్కించా. రెండు వారాలు ఇలాగే పోయాయి. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి, "గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రం అప్‌డేట్ చెయ్యొద్దు మేడం, సిస్టమ్ ఆగిపోద్ది" అని వాళ్లే రెండుసార్లు చెప్పారు. అప్పుడే అనుమానం రావాల్సింది.

ముందు నా ఫైల్ సంగతి చెప్తా, ఎందుకంటే షాపు వాళ్లు చెప్పిందాంట్లో కొంచెం నిజం ఉంది. 300 డీపీఐలో ఆ సైజ్ అంటే 7200 బై 10800 పిక్సెల్స్, దాదాపు 7.8 కోట్ల పిక్సెల్స్. మామూలు 8 బిట్‌లో ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే అంచుల దాకా రంగు నింపిన ఒక్క లేయర్ 310 ఎంబీ పైన. చేర్యాలలో వెనక ఎరుపు మొత్తం నింపాలి, దాని మీద నీడలు, అంచుల పూలు, అలా ముప్ఫై నిండు లేయర్లు అయితే 9 జీబీ దాటిపోద్ది, అన్‌డూలు వేరే. 16 బిట్ పెడితే దీనికి డబుల్. క్రిటా మామూలుగా ర్యామ్‌లో సగమే వాడుకుంటుంది, అంటే నా దాంట్లో 8 జీబీ, అది దాటిందంటే మిగతాది డిస్క్ మీద స్వాప్ ఫైల్‌లో రాస్తుంది. కాబట్టి ఫైల్ పెద్దదైతే కొంత స్లో అవ్వడం నిజమే. కానీ డిస్క్ మంచిదైతే మరీ మూడు సెకన్లు పట్టదు కదా.

ఒక రాత్రి, ఏ పార్ట్ ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకుని గీశా. ప్రాసెసర్ 20 శాతం కూడా లేదు, డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోయింది, రాసే స్పీడ్ చూస్తే సెకనుకి 35 ఎంబీ! ఎన్‌విఎంఈ అన్నది నిజమైతే దీనికి చాలా రెట్లు ఉండాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో (డిస్క్ వివరాలు చూపించే ప్రోగ్రామ్) వేసి చూస్తే అది సాటా (అంతకన్నా స్లో రకం) ఎస్ఎస్‌డీ, ఊరూ పేరూ లేని కంపెనీది, కొత్తది అని ఇచ్చినది అప్పటికే 9 వేల గంటలు నడిచి ఉంది. ఇలాంటి చౌక వాటిలో మొదట కొంచెం సేపు రాయడం ఫాస్ట్‌గానే ఉంటుంది, ఆ ఫాస్ట్‌గా రాసే కొంచెం జాగా (క్యాష్) నిండగానే హార్డ్ డిస్క్ కన్నా కిందకి పడిపోతాయి, అందుకే షాపులో చూసినప్పుడు తెలియలేదు.

ప్రాసెసర్ ఐ7-4770. ఐ7 అన్నది అబద్ధం కాదు, కాకపోతే అది 2013లో వచ్చిన నాలుగో జనరేషన్. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి, వీళ్లు చెకింగ్ తప్పించి ఎక్కించారు. ఐ7 అన్న మాట కాదు, దాని పక్కనున్న నంబర్ అడగండి.

ఇక కార్డ్. మా బావ సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్)లో తనకి తెలిసిన టెక్నీషియన్ దగ్గరకి తీసుకెళ్లాడు. ఆయన క్యాబినెట్ విప్పనే లేదు, వెనక వైపు చూసి "అమ్మా, ఈ నీలం పోర్ట్ ఏంటి దీనికి" అన్నాడు. అది పాత మానిటర్ల విజిఏ పోర్ట్. 1050 టీఐ చిప్‌కి అసలు అనలాగ్ అవుట్‌పుటే లేదంట, విజిఏ ఉందంటేనే గట్టిగా అనుమానించాలన్నాడు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న జీపీయూ-జడ్ (కార్డ్ అసలు వివరాలు చూపించే ప్రోగ్రామ్) రన్ చేస్తే కార్డ్ పేరు ముందు ఫేక్ అని బ్రాకెట్లో చూపించింది. లోపలున్నది 2010 నాటి జీటీఎస్ 450 చిప్, మెమరీ 1 జీబీ, బయాస్ (కార్డ్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి 4 జీబీ అని చూపిస్తున్నారు. నిజంగా ఉన్నది 1 జీబీయే కాబట్టి పెద్ద క్యాన్వాస్ పెట్టగానే ఆ నల్ల మచ్చలు. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే ఈ మోసం బయటపడుతుందనే వద్దన్నారని అప్పుడు అర్థమై కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొనేవాళ్లకి చెప్పేది ఏంటంటే, మీ పెద్ద ఫైల్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి, షాపులోనే తెరిచి టాస్క్ మేనేజర్ పక్కన పెట్టి పావుగంట గీయండి. ఐదు నిమిషాలు చాలవు, క్యాష్ నిండాలి. జీపీయూ-జడ్, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో రెండూ ఫ్రీయే, వెయ్యనివ్వం అంటే బయటికి వచ్చేయండి. క్రిటా వాడేవాళ్లకి ఇంకో విషయం, బ్రష్ లెక్కలన్నీ చేసేది ప్రాసెసరే, కార్డ్ పని స్క్రీన్ మీద చూపించే దగ్గరే ఎక్కువ, అందుకని బడ్జెట్ తక్కువైతే కార్డ్ మీద పెట్టే డబ్బు ర్యామ్ మీద పెట్టండి, 32 జీబీ ఉంటే నా సైజ్ పనికి హాయి.

బిల్లు విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. తెల్లకాగితం మీద ఎస్టిమేట్ రాసిచ్చారు, జీఎస్టీ బిల్లు అడిగితే 18 శాతం ఎక్కువ అవుద్ది అన్నారు, సరే అనేశా. ప్రతి పార్ట్ మోడల్, సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించుకోవాలి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టినా భయపడకండి, 2019 వినియోగదారుల చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువు బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం రెండూ తప్పే. నా అదృష్టం, వాట్సాప్ కొటేషన్, యూపీఐ పేమెంట్ రెండూ ఫోన్లో ఉన్నాయి, వాటితో నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టా. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా, 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు కూడా లేదు.

నిన్న షాపు వాళ్లు ఫోన్ చేసి కార్డ్ ఒక్కటి మార్చి ఇస్తాం అన్నారు. మొత్తం సిస్టమ్ తీసుకుని మొత్తం డబ్బు ఇవ్వండి అన్నా, శనివారం చెప్తామన్నారు. ఈలోపు ప్యానెల్ ఆగకూడదని 150 డీపీఐకి దించా, గోడ మీద నాలుగడుగుల దూరం నుంచి చూసేదానికి అది సరిపోతుంది, లేయర్ సైజ్ నాలుగో వంతుకి పడిపోయింది, స్వాప్ దాకా పోవట్లేదు. కొంగు గీత మళ్లీ గీశా, వంపు బాగా వచ్చింది. ఇంక తలంబ్రాలు వెయ్యాలి.