జీడి నూనెకు, ఆవిరికి ఆగినవి, ఆగనివి: నాలుగేళ్ల వాడకం తరువాత

పలాస–కాశీబుగ్గలో ఒక జీడి మిల్లులో బాయిలరు, జీడి పిక్కలను ఆవిరితో ఉడికించే కుక్కరు, కటింగ్ మిషన్ల మరమ్మతు చూసుకోవడం నా ఉద్యోగం. చేతి గ్లౌజులు, ఆవిరి గొట్టాలు, ఉష్ణోగ్రత సెన్సర్లు కొనే బాధ్యత కూడా నాలుగేళ్ల క్రితం నా మీద పడింది. ఏ వస్తువు ఏ తేదీన ఎవరికి ఇచ్చానో, ఏ తేదీన పాడై తిరిగి వచ్చిందో ఒక నోటు పుస్తకంలో రాస్తూ వచ్చాను. ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకునే ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీల పేర్లు మాత్రం రాయడం లేదు. కటింగ్ బల్ల దగ్గర ఆరు వారాలు నిలిచిన సరుకే పదిహేను అడుగుల అవతల కుక్కరు దగ్గర క్షణాల్లో పాడైపోవడం కళ్లారా చూసినవాణ్ణి కనుక, పేరు పెట్టి మంచిదనో చెడ్డదనో తేల్చడం న్యాయం కాదనిపించింది.

మా పని తెలియని వారికి ముందుగా జీడి నూనె సంగతి చెప్పాలి. పిక్క తొక్కలో, తేనెపట్టులాంటి చిన్న చిన్న గదుల్లో, ముదురు గోధుమ రంగు నూనె ఉంటుంది. అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం, దానితోపాటు కార్డాల్ అనే మరో పదార్థం. చర్మానికి తగిలిన క్షణంలో పెద్దగా ఏమీ తెలియదు; ఆ తరువాత చర్మం నల్లబడి, బొబ్బలెక్కి, పొరలు పొరలుగా ఊడుతుంది. బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి రజకులు వాడే నల్లజీడి కూడా ఈ కుటుంబానికి చెందిన చెట్టు కాయే. వేడి చేసినప్పుడు ఈ ఆమ్లం కార్డనాల్‌గా మారుతుంది. దానితో బ్రేకు లైనింగులకు, ఎపాక్సీ రంగులకు కావలసిన సరుకులు తయారు చేస్తారు. బయటి పరిశ్రమలకు అది విలువైన ముడిసరుకు, మాకు మాత్రం గ్లౌజుకు చిల్లు ఎక్కడ పడిందో మరునాడు వేలి మీద చూపించే సిరా.

గ్లౌజులు రాకముందు మా దగ్గర ఆడవారు చేతులకు ఆముదం, బూడిద రాసుకుని బల్ల దగ్గర కూర్చునేవారు. నేను మొదట కొన్నవి సహజ రబ్బరు గ్లౌజులు. అవి చవక, మెత్తన, అందరికీ నచ్చాయి. నాలుగో రోజుకు వేళ్ల చివర్లు ఉబ్బి, జిగురుగా మారి, ఒకదానికొకటి అంటుకోవడం మొదలుపెట్టాయి. సహజ రబ్బరు అణువుకు నూనెతో సఖ్యత ఎక్కువ కావడంతో అది నూనెను దూరంగా ఉంచదు, పీల్చుకుంటుంది. నైట్రైల్ రబ్బరు అలా కాదు. బ్యూటడైన్, ఆక్రిలోనైట్రైల్ కలిపి చేసే ఈ రబ్బరును 1930లలో జర్మనీలో రూపొందించారు. అందులో ఆక్రిలోనైట్రైల్ పాలు పెరిగే కొద్దీ నూనెను తట్టుకునే శక్తి పెరుగుతుంది, అయితే సాగే గుణం, మెత్తదనం తగ్గుతాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం కాగితం మీద చిన్న విషయంగా కనిపించినా, రోజంతా పిక్క పట్టుకునే వేళ్లకు అదే అసలు విషయం.

మందపాటి నైట్రైల్ గ్లౌజులు ఇచ్చిన మొదటి రోజున, మా మిల్లులో అందరికంటే పాత కార్మికురాలైన ఒక అప్ప, వాటిని విప్పి బల్ల మీద పెట్టి, "పిక్క చేతికి తెలవడం నేదు బాబూ, బద్దలైపోతంది" అన్నారు. ఆమె మాట నిజమే. తొక్క పగిలాక సూదితో పప్పును బయటికి తీసేటప్పుడు వేలికి స్పర్శ తెలియకపోతే గుండు, అంటే విరగని పప్పు, కాస్తా బద్దగా మారుతుంది. పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగే డబ్ల్యూ 320 రకానికీ బద్దకూ ధరలో తేడా ఎంతో తెలిసిన యజమాని ఆ రోజు గ్లౌజుల పక్షాన మాట్లాడలేదు. తరువాత నైలాన్ అల్లిక మీద అరచేతి వైపు మాత్రమే నైట్రైల్ పూత ఉన్నవి తెచ్చాను. స్పర్శ బాగుంది, కానీ వెనక వైపు పూత లేని అల్లిక గుండా నూనె ఇంకి, వేళ్ల కణుపుల మీద కాలింది. చివరికి మణికట్టు దాకా నిండా ముంచిన పలుచని నైట్రైల్ అల్లిక గ్లౌజుల దగ్గర స్థిరపడ్డాము. మూడేళ్లుగా అవే వాడుతున్నాము. జత సగటున ఆరు వారాలు వస్తోంది. అయితే కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు ముందుగా అరిగిపోతాయి కనుక, ఎడమ చేతివి మాత్రం ఒక గోనె సంచి నిండా మిగిలాయి. ఒంటి గ్లౌజులు అమ్మే దుకాణం ఇంతవరకు నాకు దొరకలేదు.

అసలు పాఠం నేర్పినది కోత నిరోధక గ్లౌజు. కటింగ్ మిషను బ్లేడు దగ్గర వేలు తెగిన సంఘటన ఒకటి జరిగాక, అధిక దృఢత పాలిథిలీన్ నూలుతో అల్లిన గ్లౌజులు తెప్పించాను. 1970ల చివర్లో నెదర్లాండ్స్‌లోని డీఎస్‌ఎం సంస్థలో పాల్ స్మిత్, పీటర్ లెమ్‌స్ట్రా అనే శాస్త్రవేత్తలు జెల్ నుంచి నూలు లాగే పద్ధతిని కనుగొనడం వల్ల ఈ నూలు సాధ్యమైంది. కూరగాయలు వేసి ఇచ్చే కవరులోనూ ఉండేది పాలిథిలీనే. కాకపోతే ఇందులో అణువుల గొలుసులు చాలా పొడవుగా ఉండి, అన్నీ ఒకే దిశలో సాగి ఉంటాయి. బరువుతో పోల్చితే ఉక్కుకు ఎన్నో రెట్ల బలం. బ్లేడు తగిలినా మా గ్లౌజు మీద గీత తప్ప ఏమీ పడలేదు. సంతోషించి అందరికీ ఇచ్చాను, కుక్కరు దగ్గర పనిచేసే కుర్రాడికి కూడా.

బాయిలరు నుంచి కుక్కరుకు వచ్చే మా లైనులో ఆవిరి 7 బార్ల గేజి పీడనంతో ఉంటుంది, అంటే దాదాపు 170 డిగ్రీల సెల్సియస్. ఈ పాలిథిలీన్ నూలు 145–150 డిగ్రీల ప్రాంతంలోనే కరుగుతుంది. ఆ కుర్రాడు బిగుసుకున్న వాల్వును ఆ గ్లౌజుతో గట్టిగా పట్టుకుని తిప్పాడు. గ్లౌజు మండలేదు, పొగ కూడా పెద్దగా రాలేదు. అరచేతి వైపు అల్లిక ముడుచుకుని, మెరిసే పొరలా మారి, వాల్వు చక్రానికి అంటుకుంది. వెంటనే చేయి లాక్కోవడంతో బొటనవేలి కింద ఒక బొబ్బతో బయటపడ్డాడు. ఆ వాల్వు చక్రం మీద బూడిద రంగు మరక ఇప్పటికీ ఉంది, నేను గీకించలేదు. తప్పు గ్లౌజుది కాదు, నాది. దాని మీద ఉన్నది సుత్తి బొమ్మ, అంటే ఈఎన్ 388 అనే యూరోపియన్ ప్రమాణం గుర్తు. అది రాపిడి, కోత, చిరుగు, పోటు వంటి వాటి గురించి మాత్రమే చెబుతుంది. వేడికి ఈఎన్ 407 అనే వేరే ప్రమాణం, మంట బొమ్మ ఉన్నాయి. వేడి వస్తువును తాకే పరీక్షలో మొదటి స్థాయి 100 డిగ్రీలకు, రెండో స్థాయి 250 డిగ్రీలకు, పదిహేను సెకన్ల పాటు. మా గ్లౌజు మీద మంట బొమ్మే లేదు.

అప్పటి నుంచి కుక్కరు దగ్గర లోపల పత్తి లైనింగు ఉన్న అరామిడ్ (వేడికి ఆగే కృత్రిమ నూలు) గ్లౌజులు వాడుతున్నాము. 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ చేసిన పరిశోధన నుంచి వచ్చిన కెవ్లార్ ఈ జాతికి చెందిన నూలే. ఇది కరగదు; 400 డిగ్రీలు దాటాక గాని మాడడం మొదలుకాదు. ధర మూడింతలు, అయినా ఫిర్యాదు లేదు. ఫిర్యాదు మా అలవాట్ల మీదే. నూనె మరకలు పోవాలని ఎవరో వాటిని బ్లీచింగ్ పౌడరు నీళ్లలో నానబెట్టి, రేకుల కప్పు మీద ఎండలో రోజుల తరబడి ఆరబెట్టారు. క్లోరిన్ బ్లీచి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఈ రెండూ అరామిడ్‌కు శత్రువులు. ఏడాది రావలసిన జత నెల తిరగకుండా వేలితో లాగితే పోగులు పోగులుగా వచ్చేసింది. మరో సంగతి, గ్లౌజు తడిసి ఉంటే వేడి నీటి గుండా సులువుగా చేతికి చేరుతుంది. అందుకే రెండు జతలు ఉంచి, ఆరినదే వేసుకోవాలని నియమం పెట్టాను.

ఆవిరి గొట్టం విషయంలో నా అనుభవం ఇంత పొడవైనది కాదు. మొదట్లో నీళ్ల గొట్టాన్నే ఆవిరికి వాడే పాత అలవాటును మాన్పించి, ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో, లోపల ఉక్కు తీగ అల్లికతో చేసిన ఆవిరి గొట్టం కొన్నాము. పనిచేసే పీడనానికి పదింతలు దాకా పగలకుండా ఆగాలన్నది ఈ రకానికి ఉన్న ప్రమాణం. 100 డిగ్రీల దగ్గర ఒక గ్రాము ఆవిరి నీరుగా మారుతూ 540 కేలరీల వేడిని వదులుతుంది కనుక, ఆ జాగ్రత్త అతి అనిపించలేదు. కొత్త గొట్టం పైపొర మీద సూదితో గుచ్చినట్టు సన్నని రంధ్రాలు చూసి, సరుకు లోపం అనుకుని వాపసు పంపబోయాను. లోపలి గొట్టం గుండా ఇంకిన ఆవిరి పైపొర కింద చేరి బుడగ కట్టకుండా, బయటికి పోవడానికే వాటిని పెడతారని తరువాత తెలిసింది. ఆవిరికి ఈపీడీఎం ఎంత గట్టిదో నూనెకు అంత బలహీనం. నేల మీద జీడి నూనె చెమ్మలో ఈడ్చిన గొట్టం పైపొర ఎనిమిది నెలల్లో మెత్తబడి, బొటనవేలితో నొక్కితే గుంట పడింది. రెండోది గోడకు కొక్కేలు పెట్టి, నేలకు తగలకుండా, మెలిక లేకుండా వేలాడదీశాము. పని ముగిశాక వాల్వు కట్టి, లోపలి నీరంతా వదిలేస్తాము. నిలిచిన నీరు రబ్బరులోకి ఇంకి, మరునాడు ఆవిరి రాగానే లోపలే మరిగి, లోపలి గోడను పొక్కులు పొక్కులుగా చీల్చుతుంది. క్లాంపు నట్లు మొదటి వారంలో రెండుసార్లు బిగించాలి, ఎందుకంటే వేడికి రబ్బరు అణిగి పట్టు వదులవుతుంది. ఆ గొట్టానికి ఇప్పుడు ఇరవై ఆరు నెలలు.

సెన్సరు గురించి నేను ముందు అంత ఆసక్తి చూపలేదు. పీడనం చూపే గేజి ముల్లు ఉండగా అదెందుకు అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. కుక్కరులో గేజి 1 బారు చూపితే లోపల 120 డిగ్రీలు ఉండాలి. అయినా కొన్ని గంపల్లో పిక్కలు సరిగా ఉడకక తొక్క మొండికేసేది, పప్పు బద్దలయ్యేది. పీటీ100 అనే ప్లాటినం ఉష్ణోగ్రత సెన్సరు పెట్టించాము. ప్లాటినం తీగ నిరోధం 0 డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములు, అంటే డిగ్రీకి దాదాపు 0.385 ఓము, పరికరం ఆ నిరోధాన్ని కొలిచి ఉష్ణోగ్రతగా చూపిస్తుంది. సెన్సరు 119, 120 చూపించింది, పిక్కలు మాత్రం ఉడకలేదు. సెన్సరు పనికిమాలినదని నోటు పుస్తకంలో రాసి ఊరుకున్నాను.

లోపం మరో ఏడాదికి బయటపడింది. ఎలక్ట్రీషియను దానికి మూడు తీగలకు బదులు రెండు తీగలే కలిపాడు. ప్యానెలు ఇరవై మీటర్ల దూరంలో ఉంది. రానూపోనూ నలభై మీటర్ల సన్నని రాగి తీగ నిరోధం ఒకటిన్నర ఓము దాకా ఉంది. దాన్ని కూడా ప్లాటినం నిరోధంగానే లెక్కవేసుకున్న పరికరం నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించింది. మూడో తీగ కలిపితే పరికరం తీగల నిరోధాన్ని కొలిచి తీసివేస్తుంది. అలా కలిపిన రోజు గేజి 1 బారు దగ్గరే ఉంది, సెన్సరు మాత్రం 115 చూపించింది. అంటే కుక్కరులో గాలి మిగిలిపోతోంది. గాలి పీడనం, ఆవిరి పీడనం కలిసి ముల్లును 1 బారు దగ్గరికి నెడుతున్నాయి గాని, ఉష్ణోగ్రతను ఇచ్చేది ఆవిరి వాటా ఒక్కటే. అడుగు వాల్వు కాసేపు తెరిచి ఉంచి, ముందు గాలిని బయటికి పంపాక మూయడం మొదలుపెట్టాము. అంకె 120కి చేరింది, మొండి పిక్కలు తగ్గాయి. పుస్తకంలో 'పనికిమాలినది' అన్న మాటను కొట్టివేశాను.

ఒక్క ఫిర్యాదు మాత్రం నాలుగేళ్లుగా తీరలేదు. చుట్టుపక్కల దుకాణాల్లో దొరికే గ్లౌజులన్నీ తొమ్మిది, పది నంబర్లవి, మగవారి చేతులకు కుట్టినవి. మా బల్లల దగ్గర కూర్చునేవారిలో ఎక్కువమంది ఆడవారు. వారికి కావలసింది ఆరు, ఏడు నంబర్లు. అడిగిన ప్రతిసారీ వచ్చే నెల తెప్పిస్తామంటారు. నేను చెప్పిన ఆ అప్ప ఇప్పుడు నైట్రైల్ గ్లౌజే వేసుకుంటున్నారు, కాని వేళ్ల చివర అరంగుళం వదులుగా ఉండటంతో దాన్ని మడిచి, దారంతో చుట్టి కట్టుకుంటున్నారు.