కడప ఎండల్లో గేమింగ్ ల్యాప్‌టాప్: రెండేళ్లకు పైగా వాడాక

ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, ఇంటెల్ ఐ7-13650హెచ్‌ఎక్స్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 15.6 అంగుళాల స్క్రీన్. పగలు ఆఫీసు పని, రాత్రి గేమ్స్, రెండూ దీని మీదే. మోడల్ పేరు రాయను. అదిప్పుడు షాపుల్లో దొరకడం లేదు, పైగా సర్వీసు గురించి కింద నాలుగు మాటలు అనాల్సి ఉంది. లోపల ఏముందో తెలిస్తే చాలు, ఇవే పార్టులు చాలా కంపెనీల డబ్బాల్లో ఉంటాయి.

గేమ్స్ బాగా ఆడుతుందా అని అడిగేవాళ్లే ఎక్కువ. ఆడుతుంది. వాలరెంట్‌కైతే ఇంత కార్డు అవసరమే లేదు, సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన గేమ్ కూడా 1080పీలో (ఫుల్ హెచ్‌డీ) డీఎల్‌ఎస్‌ఎస్ పెట్టుకుంటే, అంటే బొమ్మను చిన్న సైజులో గీసి ఏఐతో పెద్దది చేసే సెట్టింగ్ వేసుకుంటే, హాయిగా నడుస్తుంది. ఈ రేటులో ఏది కొన్నా దాదాపు ఇంతే. తేడా తెలిసేది గేమ్ ఆడని టైంలో, బ్రౌజర్‌లో పాతిక ట్యాబ్‌లు, ఒక ఎక్సెల్, ఒక మీటింగ్ తెరిచి పెట్టుకున్నప్పుడు.

ముందు వేడి సంగతి, ఎందుకంటే కడపలో అన్నిటికన్నా అదే ముఖ్యం. నా గది మిద్దె మీద. మే నెలలో బయట 43, 44 ఉంటే మధ్యాహ్నం ఆ గదిలో ఫ్యాన్ కింద కూర్చున్నా వడగాలే. రివ్యూ వీడియోల్లో ఏసీ గదిలో కొలిచిన టెంపరేచర్లు మనకు పనికిరావు. లోపలి ఫ్యాన్లు ఎంత పెద్దవైనా గదిలో ఉన్న గాలినే లాక్కుని చిప్ మీదికి పంపాలి, ఆ గాలే కాగుతుంటే అవి మాత్రం ఏం చేస్తాయి! పర్ఫార్మెన్స్ మోడ్‌లో పెద్ద గేమ్ పెడితే ప్రాసెసర్ 95 దాటి 100 దాకా పోతుంది, ఆ చిప్‌కు 100 డిగ్రీలే హద్దు, అక్కడికి చేరగానే తన స్పీడు తనే తగ్గించుకుంటుంది. కాలిపోతుందని టెన్షన్ అక్కర్లేదు గానీ డబ్బులు పోసి కొన్న స్పీడు ఎండాకాలం మధ్యాహ్నం మనకు దక్కదు.

నేను చేసేది ఇది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99కి దించుతాను. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది, కానీ దాంతో టర్బో బూస్ట్ (ప్రాసెసర్ అవసరాన్ని బట్టి మామూలు స్పీడు దాటి పరిగెత్తడం) మొత్తం ఆగిపోయి వేడి బాగా దిగుతుంది. ఆఫీసు పనిలో తేడా అసలు తెలియదు, చాలా గేమ్స్‌లో కూడా కొంచెమే. దాంతోపాటు ఫ్రేమ్‌లను, అంటే గేమ్‌లో సెకనుకు వచ్చే బొమ్మలను, 60 దగ్గర ఆపేస్తే గ్రాఫిక్స్ కార్డు కూడా తక్కువ కరెంటు తాగుతుంది. శీతాకాలం వచ్చాక ఈ హద్దులన్నీ మళ్లీ తీసేస్తాను.

మా ఇంట్లో టేబుల్ పైన కడప బండే వేయించాం. బండ చల్లగా ఉంటుంది, ల్యాప్‌టాప్ దాని మీద పెడితే వేడి లాగేస్తుందని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. మధ్యాహ్నానికి బండ కూడా వేడెక్కుతుంది. గాలి లోపలికి పోయే సందులు కిందే ఉంటాయి కాబట్టి వెనక వైపు ఒక అంగుళం లేపితే బండ కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. రెండు చెక్కముక్కలు చాలు, కూలింగ్ ప్యాడ్ కూడా అక్కర్లేదు. ఇంకొకటి, దుమ్ము. ఎర్రగుంట్లలో ఉండే ఫ్రెండ్‌ది కూడా ఇలాంటి ల్యాప్‌టాపే, అక్కడ బండల పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాడి ఫ్యాన్లు నా వాటికన్నా తొందరగా పూడిపోతాయి. ఎండాకాలం ముందు ఒకసారి కింది ప్లేటు విప్పించి శుభ్రం చేయించడం తప్పనిసరి.

బ్యాటరీ దీనికి బలహీనత. హెచ్‌ఎక్స్ అని చివర ఉన్న ప్రాసెసర్లు డెస్క్‌టాప్ చిప్‌ల నుంచి వచ్చినవి, ఖాళీగా ఉన్నా కరెంటు తాగుతాయి. హైబ్రిడ్ మోడ్‌లో (అవసరం లేనప్పుడు గ్రాఫిక్స్ కార్డు నిద్రపోయే సెట్టింగ్) పెడితే మామూలు పనికి మూడు గంటలు, వెనకాల ఏదో ఒక యాప్ గ్రాఫిక్స్ కార్డును లేపి ఉంచితే అందులో సగం. కాలేజీకి మోసుకెళ్లేవాళ్లు రైజెన్ 7 7840హెచ్‌ఎస్ లాంటి ప్రాసెసర్ ఉన్నవి చూడండి, గేమ్స్‌లో పెద్ద తేడా ఉండదు, బ్యాటరీలో ఉంటుంది. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే మెషీన్ అయితే చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ మొదటి రోజే పెట్టేయండి.

చార్జర్ 230 వాట్లు, ఇటుకంత ఉంటుంది. టైప్-సి ద్వారా 100 వాట్ల చార్జింగ్ తీసుకుంటుంది కాబట్టి ఊరెళ్లేటప్పుడు ఇటుక ఇంట్లోనే. టైప్-సి చార్జింగ్ లేని గేమింగ్ ల్యాప్‌టాప్‌ను రోజువారీ పనికి కొనకండి. కరెంటు పోయినప్పుడు సంగతి వేరే: బ్యాటరీ మీదికి రాగానే గేమ్ నీరసపడిపోతుంది, ఎందుకంటే కార్డు అడిగినన్ని వాట్లు బ్యాటరీ ఇవ్వలేదు. ఇన్వర్టర్ ఉంటే సైన్ వేవ్‌దే (మామూలు లైన్ కరెంటులా నున్నగా ఇచ్చేది) మంచిది, మా పాత స్క్వేర్ వేవ్ మీద చార్జర్ గుయ్‌మంటూ ఉండేది.

స్క్రీన్ విషయంలో నా భార్య మాటే ఫైనల్. తను మా జిల్లా మాధవరంలో నేసే చీరలు వాట్సాప్‌లో అమ్ముతుంది, ఫోటోలు దీంట్లోనే సరిచేస్తుంది. ఇదే మోడల్‌లో తక్కువ రేటుది ఒకటి ఉండేది, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ స్క్రీన్‌తో, అంటే తక్కువ రంగులే చూపించగలిగేది. అలాంటి దాంట్లో ఎరుపు పాలిపోయి కనిపిస్తుంది, చూసి సరిచేసి పంపితే చీర చేతికొచ్చాక రంగు వేరని కస్టమర్ గొడవ. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఫోన్లు, వెబ్‌లో మామూలుగా వాడే రంగులన్నీ చూపిస్తుందని అర్థం) అని స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి. స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు మారుతుంది, 144 హెర్ట్జా 165 హెర్ట్జా అన్నది పట్టించుకోవద్దు.

సర్వీసు: ఒక ఫ్యాన్ గరగరమంది. ఇంటికొచ్చి చేస్తామని వారంటీలో ఉంది, వచ్చారు కూడా, కానీ మనిషి వేరే ఊరి నుంచి రావాలి, పార్టు ఇంకెక్కడి నుంచో రావాలి, ఈలోపు రోజులు గడిచిపోయాయి. కొనే ముందు కడపలో మనిషి ఉన్నాడా, పార్టులు ఎక్కడి నుంచి వస్తాయి అని అడగండి, షాపువాడిని కాదు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి.

ఇప్పుడు కొనేవాళ్లకు ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులు వచ్చేశాయి. ల్యాప్‌టాప్‌లో కార్డు సొంత మెమరీ 5060కీ 8 జీబీనే, 5070కీ 8 జీబీనే, అందుకని 5070కి అదనంగా పెట్టే డబ్బు నాకైతే దండగ అనిపిస్తుంది. కార్డు పేరు ఒకటే అయినా వాట్లు వేరుంటాయి, 4060నే 35 నుంచి 115 వాట్ల దాకా కంపెనీ ఇష్టం, సన్నగా అందంగా ఉన్నవాటిలో తక్కువే ఇస్తారు. ఆ అంకె పెట్టె మీద ఉండదు, కంపెనీ సైట్‌లో కింది దాకా వెతికితే దొరుకుతుంది. ర్యామ్ ఒకే 16 జీబీ కడ్డీ ఇస్తున్నారా, రెండు 8లా అన్నది కూడా అక్కడే చూసుకోండి. ఒక్కటే ఉంటే కొన్ని గేమ్స్‌లో ఫ్రేమ్‌లు పడిపోతాయి, రెండోది తర్వాత వేసుకుందామంటే ఖాళీ స్లాట్ ఉండాలి.