నాటికా, కవితా: కొత్తగా రాసేవాళ్లకు ముందు ఏది మేలు?

విజయనగరం, శ్రీకాకుళం వైపు కొత్తగా కలం పట్టినవాళ్లకు ముందు కవితే దగ్గరవుతుంది. ఒక సాయంత్రం కూర్చుంటే పూర్తవుతుంది, ఫోనులో నలుగురికి పంపొచ్చు, ఉగాది కవి సమ్మేళనంలో చదవొచ్చు. నాటిక అలా కాదు. నటులు దొరకాలి, రిహార్సల్‌కి చోటు కావాలి, సెట్టు, లైట్లు, మేకప్ చూసుకోవాలి. నాటక పరిషత్తు పోటీకి వెళ్లాలంటే బండి ఖర్చు అదనం. శ్రమా డబ్బూ లెక్కేస్తే కవితే మేలు. అయినా రాయడం నేర్చుకోవాలంటే ముందు నాటికే రాయమంటాను.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు గురించి రాయాలనుకోండి. కవితలో కొబ్బరితోట, డయాలసిస్ మంచం, 2018 తిత్లీ తుపానుకు కూలిన చెట్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టొచ్చు. చదివినవాళ్ల గుండె బరువెక్కుతుంది. ఇదే వస్తువు నాటికగా రాస్తే అసలు ఇబ్బంది మొదలవుతుంది. మంచం మీదున్న తండ్రి ఏమంటాడు? చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ పోవాలా, ఇంటి దగ్గరే ఉండాలా అని తేల్చుకోలేని కొడుకు ఏమంటాడు? కోడలు “ఏటి సేత్తాం మావా, వచ్చిందల్లా మందులకే పోతన్నాది” అంటే ఆయన జవాబేమిటి? అక్కడ రచయిత జాలి పడితే చాలదు. ముగ్గురి వైపూ న్యాయం ఉండాలి. కొడుకు వెళ్తానన్నా తప్పనిపించకూడదు, తండ్రి వద్దన్నా తప్పనిపించకూడదు. ఈ కసరత్తు కవిత మనచేత తప్పనిసరిగా చేయించదు.

మాట దగ్గరా అంతే. కవితలో అరువు తెచ్చుకున్న పదాలు ఎలాగో నెగ్గుకొస్తాయి. సాలూరు సంతలో కూరలమ్మే పాత్ర పాఠ్యపుస్తకం భాష మాట్లాడితే ముందు వరసలోనే గుసగుసలు మొదలవుతాయి. ఎక్కడ మాట పొల్లుపోయిందో రాసినవాడికి అప్పటికప్పుడే తెలిసిపోతుంది. కవి సమ్మేళనంలో మాత్రం అందరికీ ఒకేలా చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు. అది నేర్పేది తక్కువ.

గురజాడ సంగతే చూడండి. ఆయన ఇంగ్లీషు పద్యాలతో మొదలుపెట్టిన మాట నిజమే. కానీ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది, బాగా మారి పెరిగి 1909లో మళ్లీ వచ్చింది. ఆయన కొత్త ఛందస్సులో రాసిన కవితలు, ముత్యాల సరాలు, 1910 నాటివి. మూడు, నాలుగు మాత్రల నడకలో అంత తేలిగ్గా మాట కూర్చోవడానికి, అన్నేళ్లు పాత్రల నోట వాడుకభాష పలికించిన అనుభవం తోడైందని నా నమ్మకం.

కవితే గెలిచే చోట్లూ ఉన్నాయి. పైకి ఎవరితోనూ అనలేని బాధని పాత్ర నోట పెడితే అది ఉపన్యాసమైపోతుంది. కొడుకు వలస పోయాక తల్లి ఒక్కత్తే అన్నం తినడం పది పంక్తుల కవితలో నిలుస్తుంది. స్టేజీ మీద దానికి ఏడుపు సంగీతం తగిలించాల్సి వస్తుంది, అది నాకు సయించదు. రేడియో నాటిక మధ్యరకం: సెట్టు ఖర్చు లేదు, బరువంతా మాట మీదే.

రెండూ వదలలేనివాళ్లకు మన దగ్గర జముకు వాయిస్తూ చెప్పే జానపద కళ, జముకుల కథ, ఉండనే ఉంది. పాటా మాటా కలిసి నడుస్తాయి. శ్రీకాకుళ గిరిజన రైతాంగ ఉద్యమ కాలంలో విప్లవకవి సుబ్బారావు పాణిగ్రాహి దాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లారు.

మొదటి నాటిక గంట పొడవు అక్కర్లేదు. రెండు పాత్రలు, ఒకే గది, పావుగంట చాలు. రాశాక మీ వీధిలో ఇద్దరిచేత పైకి చదివించండి. వాళ్లు ఎక్కడ ఆగి “ఇలా ఎవరంటారు?” అని అడుగుతారో ఆ వాక్యం కొట్టేయండి.