పదిహేడో స్థానం, చేతిలో కప్పు: టాటెన్‌హామ్ 2024-25 సీజన్‌పై ఒక పాత అభిమాని సమీక్ష

ముందే చెప్పేస్తాను: ఈ సీజన్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను. అలాగని నా దగ్గర నుంచి లాక్కోవడానికి ఎవరైనా వస్తే మాత్రం ఊరుకోను.

లెక్కలు ఇవి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అగ్ర డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌లకు 11 గెలుపులు, 5 డ్రాలు, 22 ఓటములు. 38 పాయింట్లతో ఇరవై జట్లలో 17వ స్థానం. మా కింద ఉన్నవి లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్ మాత్రమే, ఆ మూడూ కింది డివిజన్‌కు దిగిపోయాయి. ప్రీమియర్ లీగ్ మొదలైన 1992 నుంచి టాటెన్‌హామ్ ఇంత కింద ఎప్పుడూ నిలవలేదు. అదే జట్టు, లీగ్ ముగిసిన ఆ మే నెలలోనే, యూరప్ క్లబ్‌ల రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్ గెలిచింది. 1984 తర్వాత యూరప్ స్థాయిలో మొదటి కప్పు అది. ఏ కప్పు లెక్క చూసుకున్నా 2008 తర్వాత మొదటిది.

2008లో వెంబ్లీలో చెల్సీని ఓడించి లీగ్ కప్ గెలిచారు చూడండి, ఆ కప్పు మెరుపు ఇంకా తగ్గని రోజుల్లో నేను ఈ జట్టు వెంటపడ్డాను. అప్పటి నుంచి నాకు దక్కినవి ఫైనల్ ఓటములు. 2015 లీగ్ కప్‌లో చెల్సీ, 2019 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్, 2021 లీగ్ కప్‌లో మాంచెస్టర్ సిటీ. మూడో ఫైనల్‌కు వారం కూడా లేదనగా కోచ్ జోసే మౌరిన్యోను పంపించేశారు. ఒక్క కప్పయినా గెలవాలని 2023లో హ్యారీ కేన్ బయర్న్ మ్యూనిక్‌కు వెళ్లిపోయాడు. అతనికి జర్మన్ లీగ్ టైటిల్ 2025 మేలో దక్కింది, అదే నెలలో మాకూ కప్పు వచ్చింది. మా జట్టు చరిత్రను రాసేవాడికి హాస్యప్రియత్వం ఎక్కువ.

ఇక సీజన్ సంగతి. 17వ స్థానం అనగానే గోల్స్ కొట్టడం చేతకాని జట్టు అనుకుంటారు. మేము 64 కొట్టాం. నాలుగో స్థానంలో నిలిచిన చెల్సీ కొట్టినవీ సరిగ్గా 64. ఆరో స్థానంలో ఉన్న ఆస్టన్ విల్లా 58 దగ్గరే ఆగింది. సమర్పించుకున్నవి 65. అంటే మొత్తం మీద ఒక్క గోల్ తేడా. చెడ్డ జట్టు అని తేల్చేసి నిద్రపోవడానికి ఈ అంకెలు ఒప్పుకోవు. అందుకే నాలుగు వారాలను దగ్గరగా చూడాలి.

అక్టోబర్ 27న క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 0-1తో ఓటమి. ఆ సీజన్ లీగ్‌లో ప్యాలెస్‌కు అదే మొదటి గెలుపు. మూడు రోజులు తిరిగేసరికి లీగ్ కప్‌లో మాంచెస్టర్ సిటీపై 2-1తో గెలుపు. నవంబర్ 3న ఆస్టన్ విల్లాపై మొదట వెనకబడి, తర్వాత 4-1తో గెలిచారు. 7న ఇస్తాంబుల్‌లో గలతాసరాయ్ చేతిలో 2-3. 10న సొంత మైదానంలో ఇప్స్‌విచ్ చేతిలో 1-2. ఇప్స్‌విచ్ అప్పటికి పది లీగ్ మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. 22 ఏళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్‌లో వాళ్ల తొలి గెలుపు మా ఇంట్లోనే. బోణీ కాని జట్లన్నీ మా కోసమే వరుస కట్టినట్లు ఉండేది.

ఆ తర్వాతి లీగ్ మ్యాచ్ నవంబర్ 23న సిటీ మైదానంలో. అన్ని పోటీల్లో కలిపి సొంత గడ్డపై 52 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని జట్టు. మా మొదటి డిఫెండర్లు ఇద్దరూ, రొమేరో, వాన్ డె వెన్, గాయాలతో లేరు. నేను ఆ రోజు పరువు మిగిలితే చాలనుకుని కూర్చున్నాను. తన 28వ పుట్టినరోజు నాడు జేమ్స్ మాడిసన్ రెండు గోల్స్ వేశాడు. రెండోది, ముందుకు వచ్చేసిన సిటీ గోల్‌కీపర్ ఎడర్సన్ మీదుగా బంతిని అలవోకగా లేపేశాడు. ఒకప్పుడు సిటీ దగ్గరే ఉండి, అవకాశం రాక వెళ్లిపోయిన పెడ్రో పోరో మూడోది కొట్టాడు. ఆఖర్లో టిమో వెర్నర్ కుడి పక్క నుంచి సిటీ డిఫెండర్ కైల్ వాకర్‌ను దాటి పరిగెత్తాడు. వేగానికే పేరు పడ్డ వాకర్‌ను! బంతి మా జాన్సన్‌కు అందింది, 4-0. మా గోల్‌కీపర్ వికారియో ఆ మ్యాచ్‌లోనే చీలమండ ఎముక విరిగినా చివరిదాకా ఆడాడని తర్వాత తెలిసింది. గొప్ప గెలుపుకు కూడా ఏదో ఒక మూల్యం చెల్లించనిదే మా వాళ్లకు తోచదు.

ఇప్స్‌విచ్‌తో ఓడిన జట్టు, సిటీని చిత్తు చేసిన జట్టు వేరు వేరు అని చాలామంది అన్నారు. నా అభిప్రాయం వేరు. రెండు చోట్లా కనిపించింది ఒకే ఆట. కోచ్ ఆంజ్ పోస్టెకోగ్లూ పద్ధతిలో రక్షణ గీత దాదాపు మైదానం మధ్యకు వచ్చి నిలబడుతుంది. పక్కన ఉండాల్సిన బ్యాక్‌లు లోపలికి, మిడ్‌ఫీల్డ్‌లోకి దూరతారు. బంతి పోయిన క్షణంలోనే అందరూ మీద పడి తిరిగి లాక్కోవాలి. లాక్కోలేకపోతే వెనక మిగిలేది ఖాళీ మైదానం, ఇద్దరు డిఫెండర్లు. ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచి, కాపలాకు బాగా పరిగెత్తగల మనిషిని ఒకణ్ని పెట్టుకున్నట్లు. ఆ మనిషి వాన్ డె వెన్. సిటీ లాంటి జట్టు తానూ ముందుకే వస్తుంది కాబట్టి వాళ్ల వెనక మాకు చోటు దొరుకుతుంది. ఇప్స్‌విచ్ లాంటి జట్టు తన గోల్ ముందున్న పెనాల్టీ పెట్టె దగ్గర గుమిగూడి కూర్చుంటుంది, మాకు చోటు దొరకదు, మా వెనక వాళ్లకు దొరుకుతుంది. నిలకడ లేకపోవడం మా ఆటకు పట్టిన జబ్బు కాదు, ఆ ఆట సహజ స్వభావమే అది. 2023 నవంబర్‌లో చెల్సీతో తొమ్మిది మందికి పడిపోయినా గీతను మైదానం మధ్యలోనే నిలిపినప్పుడు నేనూ చప్పట్లు కొట్టినవాణ్నే. 1-4తో ఓడిన మ్యాచ్ అది.

రెండు గోల్స్ ఆధిక్యం వచ్చిందంటే నాకు చెమటలు పట్టడం ఈ సీజన్‌లో స్థిరపడింది. అక్టోబర్‌లో బ్రైటన్‌పై ప్రథమార్ధం ముగిసేసరికి 2-0. విరామం తర్వాత పద్దెనిమిది నిమిషాల్లో మూడు గోల్స్ సమర్పించుకుని 2-3తో ఇంటికి. డిసెంబర్ 8న చెల్సీతో మరీ విచిత్రం. వాళ్ల డిఫెండర్ కుకురెయా రెండుసార్లు కాలు జారి పడ్డాడు, రెండుసార్లూ మేము గోల్ వేశాం, పదకొండు నిమిషాలకే 2-0. అతను పక్కకు వెళ్లి బూట్లు మార్చుకుని వచ్చాడు. మ్యాచ్ 3-4తో ముగిసింది. మా సమస్య బూట్లతో తీరేది కాదు.

ఆ చెల్సీ మ్యాచ్‌కే గాయాల నుంచి కోలుకుని రొమేరో, వాన్ డె వెన్ ఇద్దరూ వచ్చారు. ఇద్దరూ మళ్లీ గాయపడి మధ్యలోనే బయటికి నడిచారు. ఈ సీజన్ గురించి ఎవరైనా ఒక్క సంఘటన చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. అక్కడి నుంచి శీతాకాలమంతా సహజంగా మిడ్‌ఫీల్డర్ అయిన పద్దెనిమిదేళ్ల ఆర్చీ గ్రే రక్షణ మధ్యలో నిలబడి పెద్ద పెద్ద స్ట్రైకర్లతో కుస్తీ పట్టాడు. ఆ కుర్రాడి మీద నాకు కలిగిన గౌరవం అంతా ఇంతా కాదు. గాయాలను పూర్తి సాకుగా నేను ఒప్పుకోను. గురువారం యూరప్‌లో, ఆదివారం లీగ్‌లో, ప్రతిసారీ పూర్తి వేగంతో పరిగెత్తించే ఆటకు తొడ కండరాలు ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి? పద్ధతి మార్చకపోతే, మార్చడానికి మనుషులైనా సరిపడా ఉండాలి. రెండూ లేవు.

జనవరి గురించి ఎక్కువ చెప్పను. వరుసగా ఏడు లీగ్ మ్యాచ్‌లు ఓడి వచ్చిన లెస్టర్, మా మైదానంలో మొదట వెనకబడి కూడా 2-1తో గెలిచి వెళ్లింది. చివరికి దిగిపోయిన మూడు జట్లలో రెండు మమ్మల్ని మా ఇంట్లోనే ఓడించాయి. లీగ్ కప్ సెమీఫైనల్లో లివర్‌పూల్‌పై తొలి మ్యాచ్ 1-0తో గెలిచి, రెండోది 0-4తో ఓడాం.

ఒక్క విషయంలో మాత్రం అద్భుతమైన నిలకడ చూపించాం. మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడిన నాలుగు మ్యాచ్‌లూ గెలిచాం: వాళ్ల మైదానంలో 3-0, లీగ్ కప్‌లో 4-3, మా మైదానంలో 1-0. నాలుగోది బిల్బావోలో.

యూరోపా లీగ్ నాకౌట్‌లో జట్టు వేరే బడిలో చేరినట్లు ఆడింది. ఆల్క్‌మార్‌తో తొలి మ్యాచ్ 0-1తో ఓడి, సొంత మైదానంలో 3-1తో బయటపడ్డారు. ఫ్రాంక్‌ఫర్ట్‌తో ఇక్కడ 1-1, అక్కడ సొలాంకె పెనాల్టీతో 1-0. సెమీఫైనల్లో నార్వే జట్టు బోడో గ్లిమ్ట్. ఆర్కిటిక్ వలయానికి పైన, కృత్రిమ పచ్చికపై, సొంత గడ్డ మీద ఎంతోమంది పెద్దలను కంగారు పెట్టిన జట్టు అది. తొలి మ్యాచ్ 3-1తో గెలిచి వెళ్లినా నాకు ధైర్యం లేదు. అక్కడ మా వాళ్లు పొడవాటి బంతులు వేశారు, త్రో-ఇన్‌లను పెట్టెలోకి విసిరారు, తొందరపడలేదు, 2-0తో గెలిచారు. ఆ రాత్రి చూసిన ఆటలో అందం వెతకాల్సిన పనిలేదు. నాకది సీజన్‌లో అన్నింటికంటే నచ్చిన మ్యాచ్, సిటీపై 4-0 కంటే కూడా.

మే 21, బిల్బావో, శాన్ మమేస్ మైదానం. మాడిసన్, కులుసెవ్‌స్కీ, బెర్గ్‌వాల్ ముగ్గురూ గాయాలతో లేరు. అంటే బంతిని ముందుకు అల్లగలిగిన వాళ్లెవరూ లేరు. లేకపోవడమే కలిసొచ్చిందేమో! 42వ నిమిషంలో మా మిడ్‌ఫీల్డర్ పాపె సార్ ఎడమ వైపు నుంచి బంతిని లోపలికి వేశాడు. అది జాన్సన్‌కు, యునైటెడ్ డిఫెండర్ ల్యూక్ షాకు మధ్య తడబడి, షాకు తగిలి, జాన్సన్ కాలికి తాకీ తాకనట్లు తాకి లోపలికి దొర్లింది. సీజన్ మొదట్లో అభిమానుల తిట్లు పడలేక ఇన్‌స్టాగ్రామ్ ఖాతా మూసుకున్న కుర్రాడే ఈ జాన్సన్. ఏడాది ముగిసేసరికి జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ అతనివే.

మిగతా ఆటలో బంతి మూడొంతులు యునైటెడ్ దగ్గరే ఉంది. మా గీత ఈసారి మైదానం మధ్యలో లేదు, గోల్ ముందు గోడలా ఉంది. 68వ నిమిషంలో ఫ్రీ కిక్‌కు బయటికి వచ్చిన వికారియో బంతిని అందుకోలేకపోయాడు. యునైటెడ్ స్ట్రైకర్ హోయ్‌లుండ్ తలతో ఖాళీ గోల్ వైపు కొట్టాడు. వాన్ డె వెన్ వెనక్కి పరిగెడుతూనే గాల్లోకి లేచి, కాలు తలకంటే ఎత్తుకు చాచి, గోల్ గీత దాటబోతున్న బంతిని బయటికి లాగేశాడు. రెండేళ్లుగా అతని వేగాన్ని ఖాళీ మైదానం కాయడానికి వాడుకున్నారు. కప్పు తెచ్చింది మాత్రం ఆ ఒక్క గజం పరుగు. తొంభై నిమిషాలు దాటాక కలిపిన నిమిషాల్లో షా తలతో కొట్టిన బంతిని వికారియో ఆపాడు. 1-0.

సన్ హ్యూంగ్ మిన్ ఆ మ్యాచ్‌ను బెంచ్ మీద మొదలుపెట్టాడు. 2015లో వచ్చినవాడు, కెప్టెన్, క్లబ్ తరఫున ఒక్క కప్పు లేకుండా పదేళ్లు ఆడినవాడు. ద్వితీయార్ధంలో వచ్చి ఎక్కువగా తన గోల్ దగ్గరే పరుగెత్తాడు. కప్పు పైకెత్తింది అతనే. ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌కు వెళ్లేసరికి అతని లెక్క 454 మ్యాచ్‌లు, 173 గోల్స్. ఈ సీజన్‌ను నేను ఎవరికీ ఇవ్వనన్నది ఎక్కువగా ఈ మనిషి కోసమే.

సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో ఓడాక, రెండో ఏడాదిలో తానెప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానని పోస్టెకోగ్లూ అంటే దేశమంతా నవ్వింది. అన్నమాట నిలబెట్టుకున్నాడు. జూన్ 6న పదవి పోయింది. తొలగించడం సరైనదేనని నా తీర్పు. పద్ధతి గెలిచిందని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆయన కప్పు గెలిచింది తన పద్ధతిని పక్కన పెట్టాకే. అలా పక్కన పెట్టగలగడం ఆయన గొప్పతనం, అక్టోబర్‌లోనే పెట్టకపోవడం మా 22 ఓటములు.

కొత్తగా ఈ జట్టు వెంట పడదామనుకునే వారికి: వారాంతం ప్రశాంతంగా గడవాలనుకుంటే వేరే జట్టు చూసుకోండి. 17వ స్థానంలో నిలిచి కూడా, యూరోపా లీగ్ విజేతకు దక్కే చోటుతో ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్లిన వాళ్ల పక్కన కూర్చోవడం సరదాగా ఉంటుందనుకుంటే రండి.

పోస్టెకోగ్లూ తర్వాత వచ్చిన కోచ్ థామస్ ఫ్రాంక్ తొలి పోటీ మ్యాచ్ 2025 ఆగస్టు 13న ఉడినెలో: ఛాంపియన్స్ లీగ్ విజేత పారిస్ సెయింట్ జర్మేన్‌తో సూపర్ కప్. కొత్త రక్షణ, కొత్త క్రమశిక్షణ, 85వ నిమిషం దాకా 2-0. తర్వాత రెండు గోల్స్ సమర్పించుకుని పెనాల్టీల్లో ఓడారు. మూడు రోజులకు లీగ్‌లో బర్న్లీతో మొదటి మ్యాచ్. రెండో గోల్ పడ్డాక పక్కవాళ్లు కాళ్లు చాపుకుని కబుర్లలో పడ్డారు. నేను మాత్రం జాన్సన్ మూడోది వేసేదాకా కుర్చీ అంచు మీదే ఉన్నాను.