ఫ్లట్టర్ డైలాగులు భేష్, సిస్టమ్ బార్ల దగ్గరే తిప్పలు

పాపప్ డైలాగులను మనకు నచ్చినట్టు తీర్చుకోవడానికి ఫ్లట్టర్ (యాప్‌లు తయారుచేసుకునే గూగుల్ టూల్‌కిట్) ఇచ్చే సౌకర్యం నిజంగా బాగుంటుంది. అదే డైలాగ్ తెరుచుకున్నప్పుడు పైన స్టేటస్ బార్, కింద నావిగేషన్ బార్ ఎలా కనబడాలో చెప్పాల్సి వస్తే మాత్రం పని పెరుగుతుంది. ఫ్లట్టర్ 3.27, ఆ తర్వాతి వెర్షన్లు వాడేవాళ్ల కోసం ఈ సమీక్ష.

ముందు డైలాగ్ సంగతి. యాప్ మొత్తం రూపురేఖలు చెప్పే థీమ్‌డేటాలో డైలాగ్‌థీమ్ ఒక్కసారి రాస్తే చాలు, బ్యాక్‌గ్రౌండ్ రంగు, మూలల ఆకారం, శీర్షిక ఫాంటు, వెనక పరుచుకునే నల్ల తెర రంగు యాప్ అంతటికీ వర్తిస్తాయి. మెటీరియల్ 3లో (గూగుల్ డిజైన్ పద్ధతి) మూలల గుండ్రదనం 28, స్క్రీన్ అంచుల నుంచి పక్కల ఖాళీ 40, పైనా కిందా 24, కనీస వెడల్పు 280. ఈ కొలతలు ముట్టుకోకపోవడమే మేలు.

తెలుగు యాప్ అయితే లైన్ హైట్ (వరుస ఎత్తు) మీద ఓ కన్నేయండి. శీర్షికకు డిఫాల్ట్ సైజు 24, హైట్ దానికి 1.33 రెట్లు. డిజైన్ ఫైల్లో ఉందని 1.0 పెట్టారంటే ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో ఒత్తులు కిందికి దిగి రెండో లైను గుడులను రాసుకుంటాయి. 1.4 ఇస్తే ఊపిరాడుతుంది. బటన్ల మీద ‘రద్దు చేయండి’, ‘కొనసాగించండి’ అని రాస్తే చిన్న ఫోన్లో ఒక వరుసలో పట్టక ఒకదాని కింద ఒకటి చేరతాయి. అది బగ్ కాదు, అలర్ట్‌డైలాగ్ (ఫ్లట్టర్‌లోని రెడీమేడ్ డైలాగ్) కావాలనే అలా సర్దుతుంది. ‘వద్దు’, ‘సరే’ అంటే ఆ గొడవే ఉండదు.

డైలాగ్ కంటెంట్‌లో నేరుగా లిస్ట్‌వ్యూ (జరుపుతూ చూసే జాబితా) పెడితే ఎర్రర్ వస్తుంది. అలర్ట్‌డైలాగ్ లోపలి వస్తువుల సహజ వెడల్పు అడుగుతుంది, లిస్ట్‌వ్యూ చెప్పలేదు. సైజ్డ్‌బాక్స్‌లో చుట్టి వెడల్పుకు డబుల్.మ్యాక్స్‌ఫైనైట్ (దొరికినంత) ఇవ్వండి, జాబితా తన వస్తువులంత ఎత్తే తీసుకునేలా ష్రింక్‌ర్యాప్ ట్రూ చేయండి. బయట తాకితే డైలాగ్ మూసుకోకుండా బ్యారియర్‌డిస్మిసిబుల్ ఫాల్స్ చేసినంత మాత్రాన ఆండ్రాయిడ్ బ్యాక్ బటన్ ఆగదని కూడా గుర్తుంచుకోండి. పేమెంట్ మధ్యలో డైలాగ్ మూసుకుపోకూడదంటే బ్యాక్‌ను అదుపు చేసే పాప్‌స్కోప్‌లో క్యాన్‌పాప్ ఫాల్స్ తప్పనిసరి.

ఇక బార్లు. చాలామంది మెయిన్ ఫంక్షన్లో సిస్టమ్‌క్రోమ్ ద్వారా బార్ల స్టైల్ ఒకసారి పెట్టి వదిలేస్తారు. యాప్‌బార్ (పేజీ పైన శీర్షిక పట్టీ) ఉన్న పేజీ రాగానే అది ఎగిరిపోతుంది, ఎందుకంటే యాప్‌బార్ తన స్టైల్ తానే పెట్టుకుంటుంది. అందుకే దాన్ని యాప్‌బార్‌థీమ్‌లోనే రాయాలి. ఐకాన్లు నల్లగా కావాలంటే ఆండ్రాయిడ్‌కు స్టేటస్‌బార్‌ఐకాన్‌బ్రైట్‌నెస్ డార్క్, ఐఫోన్‌కు స్టేటస్‌బార్‌బ్రైట్‌నెస్ లైట్. మొదటిది ఐకాన్ల గురించి, రెండోది వాటి వెనక రంగు గురించి చెబుతుంది కాబట్టి విలువలు తిరగబడతాయి.

తెల్లటి పేజీ మీద డైలాగ్ తెరవగానే స్టేటస్ బార్ వెనక బూడిదరంగు వస్తుంది, ఐకాన్లు నల్లగానే ఉండిపోయి సరిగ్గా కనబడవు. డైలాగ్‌ను యానొటేటెడ్‌రీజియన్‌లో (తెరలో ఒక భాగానికి బార్ల స్టైల్ చెప్పే విడ్జెట్) చుట్టి తెల్ల ఐకాన్ల లైట్ స్టైల్ ఇచ్చినా మార్పు రాదు. స్టేటస్ బార్ మధ్యలోని బిందువు దగ్గర ఏ స్టైల్ ఉందో ఫ్లట్టర్ చూస్తుంది, షోడైలాగ్ మాత్రం డైలాగ్‌ను సేఫ్‌ఏరియా (సిస్టమ్ బార్లు వదిలేసిన చోటు) లోపలే ఉంచుతుంది. మన రీజియన్ ఆ బిందువు దాకా చేరదు. దాని సైజ్డ్ విలువను ఫాల్స్ చేస్తే రీజియన్ కొలతను పట్టించుకోదు, పని జరుగుతుంది. ఇంత మామూలు అవసరానికి ఇంత లోతుకు దిగాల్సి రావడమే నాకు ఫ్లట్టర్‌లో నచ్చని విషయం.

ఆండ్రాయిడ్ 15తో ఎడ్జ్ టు ఎడ్జ్ (యాప్ బార్ల వెనక దాకా పరుచుకోవడం) వచ్చి మరో మెలిక పడింది. టార్గెట్ ఎస్‌డీకే (యాప్ గురిపెట్టిన ఆండ్రాయిడ్ స్థాయి) 35 అయితే గెశ్చర్ పద్ధతిలో (వేలితో జరిపే నావిగేషన్) బార్‌కు ఇచ్చిన రంగును సిస్టమ్ పట్టించుకోదు. మూడు బటన్ల ఫోన్లలో బార్ వెనక సిస్టమే సగం పారదర్శకమైన పొర వేస్తుంది, వద్దనుకుంటే కాంట్రాస్ట్‌ఎన్‌ఫోర్స్డ్‌ను ఫాల్స్ చేయండి. స్టైల్స్ ఫైల్లో ఆప్ట్ అవుట్ (ఎడ్జ్ టు ఎడ్జ్ వద్దనే సెట్టింగ్) పెట్టి వాయిదా వేసే దారి ఉన్నా టార్గెట్ 36కు వెళ్లాక ఆండ్రాయిడ్ 16లో అది చెల్లదు. దెబ్బ ఎక్కువగా తగిలేది బాటమ్ షీట్లకు (కింది నుంచి పైకి వచ్చే పలకలు): చివరి బటన్ నావిగేషన్ బార్ కిందికి దూరిపోతుంది. షీట్ కంటెంట్‌ను సేఫ్‌ఏరియాలో పెట్టి టాప్ ఫాల్స్ చేయండి. టెక్స్ట్‌ఫీల్డ్ ఉంటే ఇజ్‌స్క్రోల్‌కంట్రోల్డ్ ట్రూ చేసి, కీబోర్డ్ ఎత్తును వ్యూఇన్‌సెట్స్ నుంచి తీసుకుని అడుగున ప్యాడింగ్‌గా కలపండి. రిలీజ్‌కు ముందు ఎమ్యులేటర్‌లో గెశ్చర్, మూడు బటన్లు రెండు పద్ధతుల్లోనూ ప్రతి షీట్‌నూ తెరిచి చూడండి.