డ్రైవర్ లేని టాక్సీలో రెండేళ్లు: చెయ్యి ఊపితే చూసేవాళ్లు లేరు

ఛార్జీ ఎంత, ఎన్ని నిమిషాల్లో వస్తుంది, సీట్లు ఎలా ఉంటాయి, ఇవన్నీ ఇప్పటికే చాలామంది రాసేశారు. అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని మా చాండ్లర్‌లో ఉండే తెలుగువాళ్లలో స్టీరింగ్ తనంతట తాను తిరుగుతున్న వీడియో తీసి ఇంటికి పంపనివాళ్లు ఇంకా మిగిలారని నేననుకోను. నేను రాసేది ఒక్క విషయం గురించే. ఈ కారు లోపల కూర్చున్న నాతో ఎంత చక్కగా మాట్లాడుతుందో, బయట రోడ్డు మీద ఉన్నవాళ్లతో అంత ముంగి. ఆ కోపం నాకు పోయిన నవంబరు నుంచి ఉంది, ఇంకా తగ్గలేదు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఈ బాధ ఎవరి కారులోనైనా ఉండేదే.

ముందు నా సంగతి. కంటి ఆపరేషన్ అయ్యాక సాయంత్రం ఎదురెండలో డ్రైవ్ చేయడం నా వల్ల కావట్లేదు, రాత్రి ఎదురు లైట్లు అసలు పడవు. ప్రైస్ రోడ్డు వైపు ఆఫీసు, ఆరేడు మైళ్లు, వారానికి మూడు రోజులు. పొద్దున మా ఆయన దింపుతారు, సాయంత్రం ఈ టాక్సీ. ఫ్రీవే ఎక్కే పని లేదు, వెంట పిల్లలుండరు. ఇలాంటి మనిషి రాసిన రివ్యూ ఇది, కాబట్టి మీ లెక్కలు మీరు వేసుకోండి.

మొదటి ఏడాది నేను ఈ కారుకి పెద్ద ప్రచారకర్తని. మా వాట్సాప్ గ్రూపులో ఎవరు భయమన్నా ఊరుకునేదాన్ని కాదు. వెనక సీట్లోకి ఒక స్క్రీన్ ఉంటుంది, అందులో చుట్టూ ఉన్న కార్లు, సైకిళ్లు, నడిచేవాళ్లు అన్నీ బొమ్మలుగా కనిపిస్తాయి. ఎందుకు ఆగిందో కూడా రాసి చూపిస్తుంది, పాదచారికి దారి ఇస్తున్నాను అనో, సిగ్నల్ కోసం చూస్తున్నాను అనో. దిగేటప్పుడు వెనక నుంచి సైకిల్ వస్తుంటే తలుపు తీయకముందే హెచ్చరిస్తుంది. మా ఆయన పాతికేళ్లుగా డ్రైవ్ చేస్తున్నారు, ఎందుకు బ్రేక్ వేశారో ఒక్కసారైనా చెప్పిన పాపాన పోలేదు.

రూఫ్ మీద గుండ్రటి డోమ్ ఉంటుంది కదా, దాని గురించీ గ్రూపులో తెగ పొగిడాను. మనం ఎక్కేటప్పుడు మన పేరులోని అక్షరాలు చూపించేది అదే. ఎవరైనా రోడ్డు దాటుతుంటే వెనక వచ్చే కార్లకి మనిషి బొమ్మ చూపిస్తుంది. ఒకసారి రే రోడ్డు దగ్గర ఒక పిల్లాడు స్కేట్‌బోర్డు చంకలో పెట్టుకుని దాటుతున్నాడు, మా కారు ఆగింది, వెనకావిడ విసుక్కుని పక్క లేన్‌లోకి తిప్పబోయి టక్కున ఆగిపోయింది. ఆ బొమ్మ చూసే ఆగిందని ఆ రోజు గట్టిగా నమ్మి అలాగే గ్రూపులో రాశాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను, పిల్లాణ్నే చూసి ఉండొచ్చు. అరిజోనా మధ్యాహ్నపు ఎండలో ఫోన్ స్క్రీనే కనిపించదు, ఇక ఆ బొమ్మ ఎంతమందికి కనిపిస్తుంది? కాసేపు అక్షరాలు, కాసేపు బొమ్మ చూపిస్తుంటే వెనకవాళ్లు అదేదో టాక్సీ బోర్డు అనుకుని వదిలేస్తారు. బొమ్మ వెలుగుతున్నా వెనక నుంచి హారన్ మోగించినవాళ్లని నేనే నాలుగైదుసార్లు చూశాను.

తెనాలి నుంచి మా అమ్మ వచ్చినప్పుడు ఒకసారి ఎక్కించాను. స్క్రీన్ మీద బొమ్మలన్నీ వివరించి, చూశావా అమ్మా, ఏం చేస్తోందో అన్నీ చెప్తోంది అన్నాను గొప్పగా. "మనకి చెప్పి ఏం లాభమే, మనం ఎటూ లోపలే ఉన్నాం. చెప్పాల్సింది ఆ ఎదర ఉన్నవాడికి కదా, డిప్పర్ కొట్టదా ఇది?" అంది. ఆ రోజు నవ్వేశాను.

డిప్పర్ అంటే గుర్తొచ్చింది. మన దగ్గర ఎదురుగా లారీవాడు లైట్లు కొడితే, నేను వస్తున్నా, నువ్వాగు అని. ఇక్కడ అదే లైటు కొడితే చాలాసార్లు, నువ్వెళ్లు, నేను ఆగుతా అని. కొత్తగా వచ్చినప్పుడు లెఫ్ట్ టర్న్ దగ్గర ఎదుటివాడు లైట్లు కొడితే నేను బిగుసుకుపోయి నిలబడేదాన్ని, అతను కొడుతూనే ఉండేవాడు. అంటే మనుషుల మధ్య కూడా ఈ భాష ఒక్కటి కాదు. కానీ మనుషులకి కళ్లున్నాయి, మొహం ఉంది, రెండోసారి చెయ్యి ఊపితే అర్థమైపోతుంది.

ఇక నవంబరు సంగతి. సాయంత్రం ఐదు దాటింది, ఆల్మా స్కూల్ రోడ్డు వదిలి మా ఇళ్ల కాలనీ లోపలికి వచ్చేశాం. ఆ నెలలో ఇక్కడి గాలి ఎంత బాగుంటుందో తెలుసుగా, కుడివైపు కిటికీ దించుకుని కూర్చున్నా. ఫోర్-వే స్టాప్ దగ్గర, అంటే సిగ్నల్ లేకుండా నాలుగు వైపులా స్టాప్ బోర్డులే ఉండే కూడలి దగ్గర, మా కారు ఆగింది, దాదాపు అదే క్షణంలో కుడివైపు నుంచి ఒక పాత పికప్ వచ్చి ఆగింది. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాడిదే ముందు వంతు, డ్రైవింగ్ టెస్ట్ రాసినవాళ్లందరికీ తెలుసు. మా కారుకీ తెలుసు, అందుకే కదల్లేదు. పికప్‌లో ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, మర్యాదగా చెయ్యి ఊపాడు, మీరు వెళ్లండి అని. మా కారు రూఫ్ మీద అంత పెద్ద డోమ్ కనిపిస్తుంటే డ్రైవర్ లేడని ఆయనకి తెలియదని కాదు, 2017 నుంచి ఈ ఊళ్లో ఇలాంటి కార్లు తిరుగుతూనే ఉన్నాయి. కానీ అలవాటైన చెయ్యి. మళ్లీ ఊపాడు. మా కారు ఒక అడుగు ముందుకి జరిగి ఆగింది. ఆయన కూడా ఒక అడుగు జరిగి ఆగాడు.

మీరే చెప్పండి, ఇలాంటప్పుడు ఊరికే కూర్చోగలమా? పెద్దాయన, పైగా ఆయనదే వంతు, నాకేమో మొహమాటం. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, మీరే వెళ్లండి అని ఊపాను. ఆయన నవ్వి, తలూపి, కదిలాడు. సరిగ్గా అప్పుడే, ఇంతసేపూ ఆయన కదలడం లేదు కాబట్టి ఇక మన వంతే అని తేల్చుకుందేమో, మా కారూ కదిలింది.

ఇద్దరూ బ్రేక్ వేశారు. మా కారు ముందు వేసిందా ఆయన ముందు వేశాడా నేను చూడలేదు, కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన బంపర్ నా తలుపుకి మూరెడు దూరంలో ఉంది. బ్యాగు కింద పడి టిఫిన్ డబ్బా మూత ఊడి, మధ్యాహ్నం మిగిలిన పులిహోర అంతా మ్యాట్ మీద. పెద్దాయన అద్దం దించి ముందు డ్రైవర్ సీటు వైపే తిట్టడం మొదలుపెట్టాడు, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చినట్టుంది, చూపు వెనక్కి తిప్పి నన్నే అడిగాడు, మీరే కదా వెళ్లమన్నారు అని. ఏం చెప్పను? నిజమే, నేనే వెళ్లమన్నాను. కారేమో నాది కాదు, స్టీరింగ్ నా చేతిలో లేదు, అయినా మాట ఇచ్చేశాను. సారీ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. మా కారు ఇంకో రెండు సెకన్లు ఆగి, ఏమీ జరగనట్టు ఇంటికి తీసుకెళ్లింది. స్క్రీన్ మీద ఆ పికప్ బొమ్మ కూడా ఎంత నున్నగా జరిగి మాయమైందో.

మన లారీల్లో క్లీనర్ ఎడమవైపు కూర్చుని చెయ్యి బయటపెట్టి వెనకవాళ్లకి ఆగు, రా అని చూపిస్తాడు కదా, నేను చేసింది ఆ పనే. తేడా ఏంటంటే క్లీనర్ చెయ్యి ఊపే ముందు డ్రైవర్‌కి ఒక కేక వేస్తాడు. నాకు కేక వేయడానికి డ్రైవర్ లేడు.

హెల్ప్ బటన్ నొక్కితే మనిషే మాట్లాడారు. దెబ్బ తగిలిందా అని అడిగారు, ఆ రైడ్ డబ్బులు వెనక్కి ఇచ్చారు, మ్యాట్ శుభ్రం చేసే ఖర్చు కూడా నా మీద వేయలేదు. అంతవరకు బాగానే ఉంది. కానీ నేను చెప్పిన అసలు విషయం, బయటివాడికి కారు ఏమీ చెప్పలేదు, నేను చెప్పింది కారుకి తెలియలేదు అన్నది, ఎవరి చెవికైనా ఎక్కిందని నాకు నమ్మకం లేదు. మీ అభిప్రాయాన్ని టీమ్‌కి పంపుతాం అన్నారు.

కోపంలో ఇంటికొచ్చి చాలా చదివాను. ఈ సమస్య ఎవరికీ తట్టలేదని కాదు. 2017లో ఫోర్డ్ కార్ల కంపెనీ వాళ్లు వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్లతో కలిసి, డ్రైవర్‌కి సీటు కవర్ లాంటి వేషం వేసి, ఖాళీ సీటులా కనిపించేట్టు కూర్చోబెట్టి వ్యాన్ నడిపించారు. ముందు అద్దం పైభాగంలో ఒక లైట్ల పట్టీ పెట్టారు, తెల్ల లైట్లు అటూ ఇటూ జరిగితే దారి ఇస్తున్నట్టు, గబగబా మినుకుమంటే బయల్దేరుతున్నట్టు. అలాంటి పట్టీ ఒక్కటి ఉంటే ఆ రోజు పెద్దాయన కదిలేవాడు కాదు, కాకపోతే ఆ మినుకుకి అర్థం ఆయనకి ముందే ఎవరో చెప్పి ఉండాలి. 2018లో టెక్సస్ ఫ్రిస్కోలో డ్రైవ్ ఏఐ అనే కంపెనీ నారింజ రంగు వ్యాన్లకి బయట స్క్రీన్లు పెట్టి, మీరు దాటేవరకు ఆగుతున్నాను అని మాటల్లోనే రాసి చూపించింది. మా మరిది వాళ్లు అక్కడే ఉంటారు, ఆ వ్యాన్లు బాగా గుర్తున్నాయట. మరుసటి ఏడాదికే ఆ కంపెనీ మూతపడింది, ఆపిల్ కొనేసింది. 2023 డిసెంబరులో మెర్సిడెస్‌కి కాలిఫోర్నియా, నెవాడాల్లో నెమలి కంఠం రంగుకి దగ్గరగా ఉండే టర్కోయిస్ లైట్లు పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది. సిగ్నల్ లైట్లతో, పోలీసు లైట్లతో కలిసిపోని రంగు కావాలని అది ఎంచుకున్నారు. అది కారు తనే నడుస్తోందని చెబుతుంది. ఆగుతోందా వెళ్తోందా అని మాత్రం చెప్పదు. నాకు కావాల్సింది ఆ రెండోదే.

కార్లు ఒకదానితో ఒకటి రేడియోలో మాట్లాడుకుంటే ఇవేవీ అక్కర్లేదు అంటారు మా ఆయన. అమెరికాలో 1999లోనే దానికోసం రేడియో తరంగాల్లో 75 మెగాహెర్ట్జ్ వాటా పక్కన పెట్టారు, ఏళ్ల తరబడి పెద్దగా వాడకపోయేసరికి 2020లో అందులో 45 వైఫై లాంటివాటికి ఇచ్చేశారు. మిగిలిన 30లో ఎంత మాట్లాడుకున్నా ఆ పెద్దాయన పాత పికప్‌లో వినే యంత్రం ఎక్కడుంది?

మరి మానేశానా అంటే లేదు. నిన్న సాయంత్రం కూడా ఇందులోనే వచ్చాను. నా కళ్లతో నేను నడపడం కంటే ఇది నయం, అందులో అనుమానం లేదు, రెండేళ్లలో ఒక్క గీత పడలేదు. నడపగలిగినవాళ్లయి ఉండి, దారిలో నాలాగా ఫోర్-వే స్టాపులు ఎక్కువుంటే, నేను గట్టిగా తీసుకోమని చెప్పను. సిగ్నళ్లున్న పెద్ద రోడ్ల మీదే వెళ్లేవాళ్లకి నా గొడవ అసలు అర్థం కాకపోవచ్చు. అప్పట్లో గ్రూపులో ఐదుకి ఐదు అన్నాను. ఇప్పుడు అడిగితే నాలుగు అంటాను, అదీ రాత్రి పూట అయితేనే, రాత్రి ఆ డోమ్ మీద బొమ్మ నిజంగానే బాగా కనిపిస్తుంది. పగలైతే మూడు.

స్టాప్ సైన్ దగ్గరికి రాగానే ఇప్పుడు కిటికీ ఎత్తేసి, చేతులు రెండూ బ్యాగు కింద పెట్టుకుని కూర్చుంటాను. మొన్న ఎదుటి కారులోంచి ఎవరో అమ్మాయి నవ్వుతూ చెయ్యి ఊపింది, మా పక్క వీధిలో ఉండే అమ్మాయే, పలకరింపుగా ఊపిందని ఇంటికెళ్లాక తెలిసింది. పాపం, పొగరు అనుకుని ఉంటుంది.