పెర్షియన్ పిల్లికి స్టీలు దువ్వెన: 2 ఏళ్ళు వాడాక

మా దూది పెర్షియన్ పిల్లి, 6 ఏళ్ళది. ఈ స్టీలు దువ్వెన కొని 2 ఏళ్ళయింది. జానెడు పొడవు, సగం పళ్ళు ఎడంగా, సగం దగ్గరగా ఉంటాయి. చూడ్డానికి ఏమంత ఘనంగా ఉండదు గానీ, పొడుగు బొచ్చు పిల్లి ఉన్న ఇంట్లో మొదట కొనాల్సింది ఇదేనంటాను.

దీనికి ముందు స్లికర్ బ్రష్ (సన్నటి వంపు తీగలు గుచ్చిన బ్రష్) ఒక్కటే వాడేదాన్ని. రోజూ దువ్వేదాన్ని కూడా. బొచ్చు పట్టుకుచ్చులా మెరిసేది. ఒకరోజు ఎత్తుకుంటే ముందుకాలి చంకలో గట్టిగా ఏదో తగిలింది. బొచ్చు విడదీసి చూస్తే చర్మాన్ని పట్టుకుని అట్టకట్టిన ఉండ. పొట్ట కింద ఇంకో మూడు. పెర్షియన్లకి పైబొచ్చు కింద ఉన్నిలాంటి మెత్తటి పొర ఇంకోటి ఉంటుంది. ఊడిన వెంట్రుకలు అందులోనే చిక్కుకుపోతాయి. నా బ్రష్ ఇన్నాళ్ళూ పైపైనే తిరిగింది. చివరికి డాక్టరు మత్తిచ్చి ట్రిమ్మర్‌తో తీయాల్సొచ్చింది. గొరిగిన చోట ఎర్రగా కందిపోయిన చర్మం చూసి ఏడ్చేశాను. అడుగు వేసినప్పుడల్లా అక్కడ లాగుతూనే ఉండి ఉంటుంది కదా, పాపం.

దువ్వెన పళ్ళు చర్మం దాకా దిగుతాయి. చిక్కుంటే అక్కడే ఆగుతాయి. ఆగిన చోట లాగకూడదు. ముడి మొదట్లో రెండు వేళ్ళతో అదిమిపట్టి, కొసల నుంచి కొద్దికొద్దిగా విప్పుకుంటూ రావాలి. ముందు ఎడంగా ఉన్న పళ్ళతో, తర్వాత దగ్గరగా ఉన్న పళ్ళతో. చెవుల వెనక, చంకలు, పొట్ట, వెనక తొడలు మాత్రం ఏ రోజూ వదలను. వీపు ఒకపూట మానినా ఫర్లేదు. కత్తెర జోలికి అసలు వెళ్ళకండి. పిల్లి చర్మం బాగా పలచన, ముడితో పాటే పైకి లేచి వస్తుంది, బొచ్చనుకుని చర్మం కోసేస్తాం. స్నానానికి ముందు కూడా దువ్వి తీరాలి, తడిస్తే చిక్కు ఇంకా బిగుస్తుంది.

కొనేటప్పుడు పళ్ళ కొసలు మీ ముంజేతి లోపలివైపు గీసి చూడండి. గీరుకుంటే వద్దు. నాదానికి కొసలు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి, ఇప్పటికి ఒక్క పన్నూ వంగలేదు. పిడి లేకపోవడం మాత్రం నాకు ఇబ్బందే, పావుగంట దువ్వితే బొటనవేలు పీకుతుంది. చలికి స్టీలు చల్లగా తగిలి దూది ఉలిక్కిపడేది, అందుకని కాసేపు అరచేతుల్లో పెట్టుకుని వెచ్చబడ్డాకే మొదలుపెడతాను. పొట్ట దగ్గర మూడు దువ్వులకే తోక కొడుతుంది. ఆపేసి, రాత్రి అది నిద్రమత్తులో వెల్లకిలా పడుకున్నప్పుడు ఇంకో మూడు.